అరవై ఒక్క మెట్లు

డాబాగార్డెన్స్‌లో ఆ షాపు రెండో అంతస్తులో ఉంది.
లిఫ్టు లేదు. మంచిదే అనుకున్నాను.
తిరిగి దిగేటప్పుడు
ఒంటిచేత్తో దేన్ని మోయగలనో
అదే నాది.

నరసింగరావు గారు ముందు పెద్దదాన్ని చూపించారు.
ఎనభై ఎనిమిది మెట్లు, ఒక్కోటీ బరువుగా,
నొక్కితే లోపల ఎవరో తలుపు తీసినట్టు.
అలాంటిదాని మీద వేలు పెట్టాలంటే
వేలు కావాలి.
పెట్టిన వేలు మర్యాదగా తీసేశాను.

నా దగ్గర లెక్కకి పద్నాలుగు.
అందులో మూడు మా డ్రమ్మర్ జెరోము చేబదులు,
రెండు గాజువాక పెళ్లివారు ఇంకా ఇవ్వనివి,
అంటే, లేనివి.

"ఇదైతే ఆరువందల గొంతులమ్మా,
రైలుంది, గుర్రముంది, వానుంది."
విశాఖలో వాన కొనుక్కోవాలాండీ?
నాకు నాలుగు చాలు.
పియానో, వయొలిన్ల గుంపు, ఎలక్ట్రిక్ పియానో,
జ్ఞానాపురం ఆదివారాలకి ఒక ఆర్గాన్.
షాపు కుర్రాడు డెమో మీట నొక్కాడు.
అది దానంతటదే వాయించుకుంది, నాకన్నా బాగా.
కాసేపు ఇద్దరం దానివైపు చూడలేదు.

నేనడిగినవి వేరే.
కరెంటు పోతే సెల్లుల మీద నడుస్తుందా?
వెనక కన్నంలోంచి మిక్సరు దాకా తీగ పోతుందా?
మెల్లగా తాకితే మెల్లగా పలుకుతుందా,
ఎలా తాకినా ఒకేలా అరుస్తుందా
మా డ్రిల్లు మాస్టారిలా?
తర్వాత సంచిలోంచి టైలరు టేపు తీశాను.
స్కూటీ వెనక తబస్సుమ్ దీన్ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుంటే
కొత్తరోడ్డు జంక్షన్లో
సిటీ బస్సు దీన్ని నాకకూడదు కదా.

పాతదాని సంగతి చెప్పలేదు.
జాలారిపేట దగ్గర నా గది. కిటికీ తీస్తే సముద్రం.
నాలుగేళ్లు ఉప్పుగాలి తిని
నడిమి స్థాయిలో ఒక తెల్లమెట్టు
మొదట గరగరలాడింది, తర్వాత నసిగింది,
ఒక పెళ్లిలో, సరిగ్గా పల్లవి తిరిగే చోట, మానేసింది.
మా ఒకటో శ్రుతిలో అది ధైవతం.
పూర్ణామార్కెట్ వెనక సన్యాసయ్య విప్పి చూపించాడు,
రాగి గీతల మీద పచ్చని చిలుము.
"మనిషి పాడుచేస్తే బాగుచెయ్యగలం తల్లీ" అన్నాడు.

రెండేళ్లు ధ లేకుండా వాయించాను.
పక్క స్వరంతో సర్దాను,
పైస్థాయిలోది అరువు తెచ్చాను,
మరీ తప్పకపోతే ఆ ఒక్కటీ
తబస్సుమ్ గొంతుకి వదిలేశాను.
ఎవరూ పట్టుకోలేదు.
భోజనాల దగ్గర స్వరాలు ఎవరు లెక్కపెడతారు,
గారెలు లెక్కపెడతారు గానీ.

చివరికి కొన్నది షాపు మూలన గోడకి ఆనించి ఉన్నది.
పదకొండున్నరకి ఇచ్చారు, స్టాండుతో సహా.
ఎవరో పిల్లదో పిల్లాడో నేర్చుకోబోయి మానేసింది.
మెట్ల మీద నీలం మార్కరుతో స రి గ మ,
స పక్కన ఒక చేపబొమ్మ,
ధ మాత్రం చోటు చాలక పక్కమెట్టు మీదికి కాలు చాపింది.
స్పిరిట్‌తో తుడిచేస్తానన్నాడు కుర్రాడు.
వద్దన్నాను.

కైలాసపురం పోర్టు క్వార్టర్స్‌లో మొదటి ప్రోగ్రాం.
అన్నీ పలుకుతున్నాయి. బరువు లేదు. తీగ సరిపోయింది.
పల్లవి తిరిగే చోట
నా ఉంగరపు వేలు
గుంతని తప్పించే స్కూటీలా
ధని దాటి పక్కన దిగింది.
మళ్లీ తిరిగాం. మళ్లీ దాటింది.
జెరోము పుల్ల ఆపకుండానే తలెత్తి చూశాడు.
రెండేళ్లుగా తెలుసన్నమాట, దొంగ!

రాత్రి గదికొచ్చాక కిటికీ మూసి,
కప్పడానికి తెచ్చిన అమ్మ పాత చీర భుజాన వేసుకుని,
నిలబడే,
ఆ ఒక్క మెట్టూ నొక్కాను.
పలికింది.
మళ్లీ నొక్కాను.
పక్కింటి ఎర్రమ్మ గోడ మీద కొట్టేదాకా.